మట్టిని తక్కువచేసే మాట: హాంగ్‌జౌ హర్డిల్స్ పరుగు, మన క్రీడా రచన

రిజర్వేషన్ల మీద ఎక్కడ చర్చ మొదలైనా ఎదుటివాళ్ళు చివరికి బయటికి తీసే ఆయుధం ఒకటుంది. 'పరుగుపందెంలో రిజర్వేషన్ వుందా? ముందొచ్చినోడే గెలుస్తాడు గదా' అని. క్లాసులో, క్యాంటీన్లో, ఇంటర్వ్యూ గది బయట మేం ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. చాలాకాలం మేం ఆటని వాళ్ళకి వదిలేసి చరిత్రలోకి వెళ్ళి జవాబు చెప్పేవాళ్ళం. ఊరు, వాడ, బావి, బడి గురించి మాట్లాడేవాళ్ళం. అదంతా నిజమే. కానీ ఆ ప్రశ్నలోని అబద్ధం అంతదూరం పోకుండానే, పరుగుపందెంలోనే దొరుకుతుందని ఇప్పుడు మాకనిపిస్తోంది. పరుగుని ఉదాహరణగా వాడుకునేవాళ్ళు పరుగుని సరిగ్గా చూడలేదు. అందుకని ఒక పరుగుని దగ్గరగా చూద్దాం. దాని గురించి రాసే భాషని కూడా చూద్దాం.

2023 అక్టోబర్ 1. చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా క్రీడలు. మహిళల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి అందులో వుంది. పక్క లేన్లో చైనా అమ్మాయి వు యాన్నీ. తుపాకి మోగకముందే వు యాన్నీ కదిలింది. ఆ కదలికకి జ్యోతీ కదిలింది. ఈ ఆటలో తప్పుడు స్టార్టుకి రెండో అవకాశం లేదు, ఒక్కసారికే బయటికి పంపేస్తారు. జ్యోతిని కూడా బయటికి పొమ్మన్నారు. ఆమె పోలేదు. ముందు కదిలింది తను కాదని ట్రాక్ మీదే నిలబడి వాదించింది. అధికారులు రీప్లే చూశారు, చర్చించారు, చివరికి ఇద్దర్నీ పరిగెత్తనిచ్చారు. లిన్ యువీ 12.74 సెకన్లలో మొదట వచ్చింది. వు యాన్నీ రెండోది, జ్యోతి మూడోది. పరుగయ్యాక భారత జట్టు ఫిర్యాదు పెట్టింది. వు యాన్నీని అనర్హురాలిగా తేల్చారు. 12.91 సెకన్లతో జ్యోతికి రజతం వచ్చింది.

ఆ పతకం సగం కాళ్ళతో వచ్చింది, సగం నోటితో వచ్చింది. ఒకరు ముందు కదిలితే పక్కవాళ్ళు కూడా కదిలిపోతారని రూలుపుస్తకమే ఒప్పుకుంటుంది. కారణం ఎవరో స్టార్టర్ తేల్చాలి. అంటే న్యాయం ట్రాక్ మీద తనంతట తాను పడివుండదు. కొలవాలి, చూడాలి, అడగాలి, అడిగినప్పుడు వినే ఏర్పాటు వుండాలి. రెడ్ కార్డు చూడగానే తలొంచుకుని వెళ్ళిపోతే జ్యోతికి పతకం లేదు. చదువుల్లో, ఉద్యోగాల్లో మాకు చెప్పే హితబోధ దీనికి సరిగ్గా వ్యతిరేకం. 'గొడవపడొద్దు, కష్టపడు' అంటారు. ఆ అమ్మాయి కష్టపడిందీ, గొడవాపడింది.

ఇక భాష సంగతి. పేదింటి నుంచి ఎవరైనా గెలిచిన మర్నాడు తెలుగు పత్రికల క్రీడాపేజీకి బాగా అలవాటైన మాట ఒకటుంది, 'మట్టిలో మాణిక్యం'. దాని కింద ఒక ఫొటో, ఆ ఫొటో కింద తల్లిదండ్రుల పనులు. జ్యోతి విషయంలో అందరికీ తెలిసిన వివరం ఇదీ: తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్ళల్లో పనిచేస్తూ ఆస్పత్రిలో శుభ్రంచేసే పనికీ వెళ్ళేది. ఈ వివరం రాయడం తప్పని మేం అనటం లేదు. దాన్ని ఎందుకు రాస్తారో అడుగుతున్నాం. ఆ పనులకి జీతమెంత, ఆ జీతంతో ఒక పరుగులమ్మాయికి రోజూ ఏం తిండి పెట్టగలరు అన్న ప్రశ్న దగ్గర ఆ రాతలు ఆగవు. కన్నీళ్ళు పెట్టించి, విజయం దగ్గరికి దూకేస్తాయి.

1990లో మండల్ సిఫార్సుల అమలు ప్రకటించినప్పుడు అగ్రకుల విద్యార్థులు రోడ్లూడ్చి, బూట్లు పాలిష్ చేసి నిరసన తెలిపారు. మెరిట్‌కి ఇక ఈ గతే పడుతుందని దాని అర్థం. ఆనాడు చీపురు వాళ్ళకి వెక్కిరింపు. ఈనాడు అదే చీపురు పతకం కథకి అలంకారం. చీపురు పట్టుకున్న మనిషి మాత్రం రెండుచోట్లా మాట్లాడదు.

'మట్టిలో మాణిక్యం' అనే మాటని కాస్త విప్పి చూడండి. మాణిక్యానికి విలువ వుంది, మట్టికి లేదు. మాణిక్యం అక్కడ పుట్టడం ఒక పొరపాటు, ఒక అద్భుతం. ఎవరో ఏరి, కడిగి, పైకి తీశారు. మిగిలిన మట్టిని అక్కడే వదిలేసి పోవచ్చు. ఒకమ్మాయిని మెచ్చుకుంటూనే ఆ అమ్మాయి వాడని, వీధిని, బడిని మొత్తంగా తీసిపారేసే మాట ఇది. పైకి రానివాళ్ళలో మాణిక్యం లేదు కాబట్టే రాలేదని చెప్పకనే చెబుతుంది. మెరిట్ వాదం క్రీడాపేజీలో వేసుకునే వేషం ఇదే.

హర్డిల్స్ ఆట ఈ మాటని ఒప్పుకోదు. దూరం పరిగెత్తేవాళ్ళ గురించి 'బడికి నడిచి నడిచి కాళ్ళు గట్టిపడ్డాయి' అని కథలల్లొచ్చు. హర్డిల్స్ గురించి అల్లలేం. 100 మీటర్లలో పది హర్డిల్స్, ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. మొదటిది 13 మీటర్ల దగ్గర, తర్వాత ప్రతి 8.5 మీటర్లకి ఒకటి. రెండింటి మధ్య మూడే అడుగులు పడాలి. అడుగు పొట్టిదైతే హర్డిల్ అందదు, పొడుగైతే మీద పడతాం. ఈ లెక్క కాళ్ళకి ఎక్కాలంటే హర్డిల్స్ వుండాలి, ట్రాకు వుండాలి, స్పైక్స్ వుండాలి, పక్కన నిలబడి చూసే కోచ్ వుండాలి, ఏళ్ళ తరబడి తిండి వుండాలి. జ్యోతి విశాఖ బడినుంచి హైదరాబాద్ శిక్షణకేంద్రానికీ, గుంటూరుకీ, అక్కణ్ణించి భువనేశ్వర్‌లో జేమ్స్ హిలియర్ దగ్గరికీ వెళ్ళింది. ఇది మాణిక్యం మెరవడం కాదు. మెట్టుమెట్టుకీ ఒక సంస్థ, ఒక మనిషి, ఒక ఖర్చు వున్నాయి. మాలో చాలామందిమి హాస్టళ్ళలో చదువుకున్నాం. మా గ్రౌండులో హర్డిల్ అనే వస్తువుని మేం చూడలేదు. డ్రిల్లు పీరియడంటే మొక్కలకి నీళ్ళు పొయ్యడమే. మాలో ఎంతమంది పరిగెత్తగలిగేవాళ్ళో ఎవరూ కొలవలేదు, కాబట్టి లేరన్నమాట.

కొలవడం గురించే ఇంకో ముఖ్యమైన సంగతి. 2002లో అనురాధ బిస్వాల్ నెలకొల్పిన 13.38 సెకన్ల జాతీయ రికార్డు ఇరవై ఏళ్ళు నిలిచింది. 2020 జనవరిలో మూడబిద్రిలో అంతర్విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి 13.03లో పరిగెత్తింది. అది లెక్కలోకి రాలేదు. డోప్ పరీక్ష జరగలేదు, సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. అదీ లెక్కలోకి రాలేదు, వెనకగాలి సెకనుకి 2.1 మీటర్లు వుంది, రెండు దాటకూడదు. అదే ఏడు మే నెలలో సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరిగెత్తితే అప్పుడు రికార్డయింది. అంతకుముందు రెండుసార్లు అంతకంటే వేగంగా పరిగెత్తిన మనిషి, కాగితం మీద అప్పుడే రికార్డు దాటింది! గాలి సంగతి న్యాయమే, అందరికీ ఒకటే రూలు. మొదటిదాన్లో మాత్రం తప్పెవరిది? పరిగెత్తినవాళ్ళది కాదు. పరీక్ష చేయాల్సినవాళ్ళు రాలేదు. మెరిట్ అంటే వున్నది కాదు, నమోదయినది. నమోదు చేసే కలం ఎవరి చేతిలో వుందో అడక్కుండా మెరిట్ గురించి మాట్లాడ్డం కుదరదు.

'పరుగుపందెంలో రిజర్వేషన్ వుందా' అనేవాళ్ళని 400 మీటర్ల హర్డిల్స్ దగ్గరికి తీసుకెళ్దాం. అక్కడ ట్రాకు వంపు తిరుగుతుంది. లోపలి లేను చిన్నది, బయటి లేను పెద్దది. అందర్నీ ఒకే గీత మీద నిలబెడితే బయటివాళ్ళు ఎక్కువ దూరం పరిగెత్తాలి. అందుకని ఎనిమిదో లేను వాళ్ళని మొదటి లేను వాళ్ళకంటే 53 మీటర్లు ముందుకి నిలబెడతారు. చూసేవాళ్ళకి అది పక్షపాతంలా కనిపిస్తుంది. నిజానికి అది లేకపోతేనే పక్షపాతం. ఎనిమిదో లేను వాళ్ళకి మెరిట్ లేదని ఏ వ్యాఖ్యాతా ఇంతవరకూ అనలేదు. నేల వంకరగా వున్నప్పుడు సమానంగా నిలబెట్టడమే అన్యాయమని ఆటకి తెలుసు.

ఈ 400 మీటర్ల హర్డిల్స్‌ని ఒలింపిక్స్‌లో మగవాళ్ళు 1900 నుంచీ పరిగెత్తుతున్నారు. ఆడవాళ్ళకి 1984లో లాస్ ఏంజెలిస్‌లోనే మొదటిసారి పెట్టారు. మొరాకో అమ్మాయి నవాల్ ఎల్ ముతవకిల్ 54.61తో గెలిచింది. మన పి.టి. ఉష 55.42తో నాలుగోది. మూడోస్థానం 55.41. సెకనులో నూరోవంతు. ఒలింపిక్ గ్రామంలో తనకి అలవాటైన తిండి దొరక్క గంజి, ఊరగాయలతో సరిపెట్టుకున్నాననీ, చివరి 35 మీటర్లలో దాని ప్రభావం పడిందనీ ఉష తర్వాత చెప్పింది. ఆ నూరోవంతుని దురదృష్టమని రాసుకున్నాం. అందులో గంజి ఎంత వుందో రాసుకోలేదు.

రూలు గీత దగ్గర మొదలవుతుంది. అన్యాయం గీత కంటే ముందే మొదలవుతుంది. అమెరికా నల్లజాతి అమ్మాయి టైడీ పికెట్ 1932లో రిలే జట్టుకి ఎంపికైంది. పోటీ దగ్గరికి వచ్చేసరికి ఆమెనీ, లూయీస్ స్టోక్స్‌నీ పక్కనబెట్టి తెల్లవాళ్ళని పరిగెత్తించారు. నాలుగేళ్ళ తర్వాత 1936 బెర్లిన్‌లో 80 మీటర్ల హర్డిల్స్‌లో పరిగెత్తి, ఒలింపిక్స్‌లో పోటీపడిన మొదటి నల్లజాతి అమెరికన్ మహిళ అయింది పికెట్. సెమీఫైనల్లో హర్డిల్ తగిలి పాదం విరిగింది. ఆ హర్డిల్ అందరికీ ఒకే ఎత్తు. 1932లో అడ్డుపడ్డది మాత్రం వాళ్ళిద్దరికే పెట్టిన అడ్డు.

మళ్ళీ హాంగ్‌జౌకి వద్దాం. జ్యోతికి రజతం వచ్చిన రోజే తెలంగాణ అమ్మాయి అగసర నందిని హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచింది. ఏడు పోటీల ఆ ఆటలో మొట్టమొదటిది 100 మీటర్ల హర్డిల్సే. నందిని సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న పిల్ల. దళిత పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన బళ్ళు అవి. ఆ బళ్ళని చిన్నచూపు చూసే మాటలు ఎన్ని విన్నామో మాకు తెలుసు. అక్కణ్ణించి ఆసియా పతకం దాకా దారి పడిందంటే మట్టిలో ఏదో దొరికిందని కాదు, మట్టిలో ఎవరో పనిచేశారని.

నందినికి 5712 పాయింట్లు. నాలుగోస్థానంలో వున్న సహచర భారత క్రీడాకారిణికి 5708. నాలుగు పాయింట్ల తేడా. ఆ తర్వాత ఆ సహచరి నందిని ఆడతనాన్నే అనుమానిస్తూ బహిరంగంగా రాసింది, తర్వాత ఆ రాత తీసేసింది. అలా రాసిన అమ్మాయి కూడా రిక్షా తొక్కిన తండ్రి కూతురే. గెలిచిన అమ్మాయి టీ కొట్టు నడిపే ఇంటి పిల్ల. అంబేడ్కర్ చెప్పిన మెట్లమెట్ల అసమానత పనిచేసే తీరు ఇట్లాగే వుంటుంది. పైమెట్టు మీదున్నవాళ్ళ మీదికి పోవాల్సిన కోపం పక్కమెట్టు మీదికి పోతుంది, అదీ ఒక ఆడపిల్ల శరీరం మీదికి.

మా వైపు లోపాన్ని కూడా చెప్పుకోవాలి. ఎవరైనా గెలవగానే కులం ఆరా తీయడం మనకి జబ్బయిపోయింది. 2016లో రియోలో సింధు గెలిచినప్పుడు ఆమె కులం కోసం ఇంటర్నెట్‌లో వెతికినవాళ్ళలో తెలుగు రాష్ట్రాలవాళ్ళే ముందున్నారని వార్తలొచ్చాయి. 'మన పిల్లే' అనిపించుకోవాలనే ఆత్రం మా మిత్రుల్లోనూ వుంది. జ్యోతి కులం, నందిని కులం మేమిక్కడ అడగటం లేదు. వాళ్ళ గురించి రాసిన వాక్యాల కులం అడుగుతున్నాం. మెచ్చుకుంటూ మెచ్చుకుంటూనే వాడని మట్టి అని పిలిచే వాక్యం ఎక్కడ పుట్టిందో అడుగుతున్నాం.

2024లో పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తిన మొదటి భారత మహిళ జ్యోతి. హీట్స్‌లో 13.16 పరిగెత్తింది, ముందుకి పోలేకపోయింది. 2025 మేలో గుమిలో ఆసియా చాంపియన్‌షిప్‌లో 12.96తో స్వర్ణం గెలిచింది. గెలిచినప్పుడు మాణిక్యం, ఓడినప్పుడు మౌనం. ఆ మౌనం కూడా క్రీడా విమర్శే, కాకపోతే చేతగాని విమర్శ.

కాబట్టి పరుగుని ఉదాహరణగా తెచ్చేవాళ్ళకి మా జవాబు ఇది. తెండి, మాకు అభ్యంతరం లేదు. మొత్తం తెండి. ముందుకి జరిపిన గీతనీ తెండి, గాలి కొలిచే యంత్రాన్నీ తెండి, తప్పు తీర్పు మీద ఫిర్యాదు చేసే హక్కునీ తెండి. ఇవన్నీ వదిలేసి ముందొచ్చిన మనిషి ఫొటో ఒక్కటే తెస్తే ఒప్పుకోం. ఇక క్రీడాపేజీలు రాసేవాళ్ళకి ఒక్క మాట. మట్టిలో మాణిక్యాలు ఎన్ని దొరికాయో రాసింది చాలు. హాస్టల్ గ్రౌండుల్లో హర్డిల్స్ ఎన్ని వున్నాయో, డ్రిల్లు మాస్టారి పోస్టులు ఎన్ని ఖాళీగా వున్నాయో వెళ్ళి లెక్కపెట్టి రాయండి.