కాళ్లకు విశ్రాంతి, ముక్కుకు పని

కుక్క కాలికి ఆపరేషన్ చేసిన డాక్టరు కట్టు కట్టి, మందులు రాసిచ్చి, చివర్లో చెప్పే మాటే అన్నిటికన్నా కష్టమైనది. పరుగెత్తనివ్వకండి, దూకనివ్వకండి, మెట్లెక్కనివ్వకండి. ఎదిగిన కుక్కకు విరిగిన ఎముక అతకాలంటే మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది. మా జాజి వీధిలో పుట్టిన పిల్ల, మూడేళ్లది. హనుమకొండలో మా పెరటికి వచ్చే కోతుల్ని తరుముతూ గోడ మీంచి దూకి ముందుకాలు విరగ్గొట్టుకుంది. లోపల స్టీలు ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. అది మొదలు ఇంట్లో అందరి పనీ ఒక్కటే, దాన్ని కూర్చోబెట్టడం.

నొప్పి ఉన్నన్నాళ్లూ కుక్క తనంతట తనే పడుకుంటుంది. నొప్పి తగ్గాకే చిక్కు. కాలు మోపుతుంది, తోకాడిస్తుంది, గేటు చప్పుడైతే లేచి నిలబడుతుంది. చూసేవాళ్లకు బాగైపోయినట్టే ఉంటుంది. కానీ ప్లేటు చేసేది ఎముక ముక్కల్ని కదలకుండా పట్టుకోవడమే. అతుక్కోవలసింది ఎముకే, దానికి తొందర లేదు. ఈలోపు పదేపదే బరువు పడితే స్క్రూలు వదులవుతాయి, ఒక్కోసారి ప్లేటే వంగుతుంది, విరుగుతుంది. అందుకే గది మూలలో కటకటాల బోను, నున్నటి టైల్స్ మీద కాలు జారకుండా జంపఖానాలు, బయటికి తీసుకెళ్లినప్పుడు కట్టు తడవకుండా ప్లాస్టిక్ కవరు, లోపలికి రాగానే ఆ కవరు తీసెయ్యడం. ఇవన్నీ అందరూ చెప్తారు. రోజంతా అది ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు.

బోనులో జాజి కట్టు కొరకడం మొదలుపెట్టింది. చిన్న శబ్దానికి కూడా మొరిగేది. ఆకలేస్తోందేమోనని నేను గిన్నె తెస్తుంటే అమ్మ అడ్డుపడింది. "దానికి ఆకలి కాదే, తోచక. కుక్కకు పనీ లేదు, కూర్చునే తీరికా లేదని ఊరికే అన్నారా? ఏదైనా పని చెప్పు."

ఆ మాటను నేను చాలా గట్టిగా పట్టుకున్నాను. పరుగు ఆపడం వైద్యంలో సగమే. ఆపిన పరుగుకు బదులుగా ఇంకో పని ఇవ్వడం మిగతా సగం, దాన్ని కూడా మందుల చీటీలో రాయాలి. ఆ పని ఇవ్వవలసింది ముక్కుకు. మన ముక్కులో వాసన పట్టే కణాలు యాభై అరవై లక్షలైతే కుక్కకు ఇరవై కోట్లకు పైనే ఉంటాయని చెప్తారు. దాని ముక్కు రంధ్రాలకు పక్కన చిన్న చీలికలుంటాయి. వదిలిన గాలి వాటిగుండా పక్కకు పోతుంది కాబట్టి లోపలికి వచ్చే కొత్త వాసన చెదరదు. ఇంత యంత్రాంగం కదలకుండా పడుకున్న కుక్కలో కూడా పూర్తిగా పనిచేస్తుంది. కాలికి సెలవిచ్చామని దానికి కూడా సెలవివ్వడం అన్యాయం.

గ్లాసుల ఆట చెప్తాను. మూడు స్టీలు గ్లాసులు బోర్లించి, ఒకదాని కింద ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్ ముక్క, గోరంత. జాజి పడుకునే ఉంటుంది. గ్లాసుల్ని ఒక్కొక్కటిగా దాని ముందుకు జరుపుతాను. మొదటి గ్లాసు అంచున ముక్కు ఆనిస్తుంది. గబగబా, పొట్టిపొట్టిగా పీల్చే ఆ చప్పుడు గదంతా వినిపిస్తుంది. స్టీలు మీద ఆవిరి మచ్చ పడి మాయమవుతుంది. రెండోదాన్ని వాసన చూసి మళ్లీ మొదటిదానికి వస్తుంది. మూడోదాని దగ్గర ఆగి నా మొహం చూస్తుంది. గ్లాసు ఎత్తేలోగా చెవులు రెండూ ముందుకు వంగిపోతాయి. పది నిమిషాలు ఇలా ఆడితే చాలు, తల కాళ్ల మధ్య పెట్టుకుని గురక తీస్తుంది. బంతి వెనక అంతసేపు పరుగెత్తించినా ఇంత హాయిగా నిద్రపోవడం నేను చూడలేదు.

ఇది నాకు మాత్రమే తోచిన సంగతి కాదు. కుక్కల ప్రవర్తనను పరిశోధించే షార్లెట్ డ్యురాంటన్, అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు వారాల పాటు కొన్ని పెంపుడు కుక్కల చేత వాసనతో వెతికే పని చేయించారు, మరికొన్నిటి చేత యజమాని పక్కన బుద్ధిగా నడిచే సాధన చేయించారు. తర్వాత తిండి ఉందో లేదో తేలని గిన్నెను ముందు పెడితే, వాసన పని చేసిన కుక్కలు అంతకుముందుకన్నా త్వరగా దాని దగ్గరికి వెళ్లాయి. రెండో జట్టులో ఆ మార్పు రాలేదు. ఉంటుందనే ఆశ పెరిగిందన్నమాట. బోనులో పడి ఉన్న ప్రాణికి అంతకన్నా కావలసిందేముంది?

మిగతావి ఇంట్లో ఉన్నవాటితోనే. పాత తువ్వాలులో మెతుకులు చల్లి చాపలా చుట్టిస్తే ముక్కుతో తోసి విప్పుకుంటుంది. తోటివాళ్లు కాంగ్ అనే రబ్బరు బొమ్మ కొంటారు, మంచిదే. పెరుగన్నం కూరి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి ఇస్తే చాలాసేపు నాకుతుంది, నాకడం కుక్కను నెమ్మదింపజేస్తుంది. కొనలేనివాళ్లు వెడల్పాటి గిన్నె అడుగున పెరుగు పూసి గడ్డ కట్టించినా అదే పని జరుగుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వీధిని ఇంట్లోకి తేవడం. జాజి వీధికి వెళ్లలేదు కాబట్టి నేను సాయంత్రం నడకకు ఒక గోనె ముక్క పట్టుకెళ్లేదాన్ని. మేకలు పడుకునే వేపచెట్టు కింద కాసేపు పరిచి, దులిపి, గోమార్లు లేవని చూసుకుని తెచ్చి బోను ముందు వేసేదాన్ని. ఇంకో రోజు రాలిన ఆకులు, ఇంకో రోజు కొబ్బరిబోండాల బండి దగ్గరి పీచు. కళ్లు సగం మూసుకుని ఆ గోనెను అంగుళం అంగుళం చదివేది. ఏ మేక, ఏ కుక్క, ఎప్పుడు వచ్చి వెళ్లిందో దానికే తెలియాలి.

చెయ్యకూడనివి కూడా ఉన్నాయి. తాడు లాగులాట, బంతి విసరడం, తిండి పైకెత్తి వెనక కాళ్ల మీద నిలబెట్టడం, ఇవన్నీ బంద్. ఆటలో పెట్టే తిండి రోజువారీ తిండిలోంచే తీయాలి, కదలిక లేని కుక్క బరువు పెరిగితే ఆ భారం విరిగిన కాలి మీదే పడుతుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ పెట్టొద్దు. జైలిటాల్ కలిసిన షుగర్‌ఫ్రీ తిండ్లు ప్రాణాంతకం. ఉడికించిన ఎముకలు పెళుసుగా విరిగి గుచ్చుకుంటాయి. నొప్పనిపిస్తే మన ఇంట్లోని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ ఎంత చిన్న ముక్కైనా వెయ్యకండి, డాక్టరుకు ఫోన్ చెయ్యండి.

ఎక్స్‌రేలో ఎముక అతికిందని చూశాక డాక్టరు నడకకు ఒప్పుకున్నారు. మెడకు పట్టీ వేసి, పూటకు ఐదు నిమిషాలు, వారం వారం కొంచెం పెంచుతూ. ఆ ఐదు నిమిషాల్లో ఎంత దూరం నడవాలని నేను అడగలేదు. పక్కనుంచి పోయేవాళ్లు "లాగండి మేడమ్, రాదేమిటి" అంటుంటారు. లాగను. మొత్తం సమయాన్ని ఒక్క కరెంటు స్తంభం దగ్గరే గడిపేసినా సరే, అక్కడే నిలబడతాను.