చదివింపుల పుస్తకం

తెలుగు పల్లెల్లో పెళ్ళి జరిగితే పందిట్లో ఒక పక్కన ఒకాయన పుస్తకం పట్టుకొని కూర్చునేవాడు. ఫలానా ఊరు, ఫలానావారు, నూటపదహార్లు అని పైకి చదివి రాసుకునేవారు. అలా నలుగురికీ వినబడేలా చదవడం వల్లే వాటికి చదివింపులన్న పేరు. పెళ్ళయ్యాక ఆ పుస్తకం పెట్టెలోకి వెళ్ళేది. అందులో పేరున్నవారి ఇంట శుభకార్యం తలపెట్టినప్పుడు మళ్ళీ బయటికి వచ్చేది. వారు చదివించినదానికి తగ్గకుండా చదివించడం మర్యాద. ఆ డబ్బు కానుకా, అప్పా అంటే రెండూను. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం, ఈ మూడూ విధులేనని మార్సెల్ మోస్ 1925 నాటి తన సుప్రసిద్ధ వ్యాసంలో ప్రతిపాదించాడు. పసిఫిక్ ద్వీపవాసులతో పాటు మహాభారతంలోని దానధర్మాలను కూడా పరిశీలించిన ఆయనకు ఈ పుస్తకం ఒకటి చిక్కి ఉంటే ఎంత సంబరపడేవాడో!

ఇప్పుడు అమెరికాలో ఒక తెలుగు యువకుడు రోడ్డు ప్రమాదంలో మరణిస్తే, మృతదేహాన్ని స్వదేశానికి పంపడానికి, ఇంటి దగ్గరి అప్పులు తీర్చడానికి గోఫండ్‌మీలో విరాళాల పేజీ తెరుస్తారు. ఆ లంకె గంటల్లో వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టివస్తుంది. పేజీలో దాతల పేర్లు, పక్కన అంకెలు. పైకి చూడడానికి అచ్చం చదివింపుల పుస్తకమే. కాని ఇచ్చినవారిలో చాలామంది ఆ యువకుణ్ణి ఎన్నడూ చూసినవారు కారు. తిరిగి వస్తుందని ఎవరూ ఇవ్వలేదు. పేరు కనబడకుండా ఇచ్చే వీలు సరేసరి.

ఆన్‌లైన్ స్నేహాలు లోతులేనివన్న ఫిర్యాదు ఇక్కడ నిలవదు. ముఖమెరుగని మృతుడికి వంద డాలర్లు పంపడం లోతులేని పని కాదు. బలహీన బంధాల శక్తిని గురించి మార్క్ గ్రానోవెటర్ 1973లోనే రాశాడు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవారిని విచారిస్తే, ఆ పరిచయస్తుణ్ణి తరచుగా కలిసేవారు ఆరింట ఒక వంతే తేలారు. ఉద్యోగం పోయిన హెచ్1బీ వీసాదారుకు మరో ఉద్యోగం వెతుక్కోవడానికి సాధారణంగా మిగిలే గడువు మహా అయితే 60 రోజులు. ఆ రోజుల్లో ప్రాణమిత్రుడి ఓదార్పు కన్నా, కాలేజీ గ్రూపులో ఎప్పుడూ పలకరించని సీనియర్ చేసే సిఫార్సే అక్కరకొస్తుంది.

తగ్గింది సాయం కాదు, బాకీ. బాకీ ఉన్నవాడు నచ్చినా నచ్చకపోయినా ఆ ఇంటి గడప తొక్కాలి. మాటపట్టింపు వచ్చినా పిలుపు మానకూడదు. ఇష్టంలేని మనిషిని భరించడం ఊరిజీవితంలో ఒక భాగం. విడిపోవాలంటే పెద్ద రచ్చే జరగాలి. వాట్సాప్ గ్రూపు పరిమితి 2016లో 256 మందికి, 2022లో 1024 మందికి పెరిగింది. నిర్వాహకులకు తప్ప మరెవరికీ కబురు వెళ్ళకుండా గ్రూపులోంచి తప్పుకునే సౌకర్యం కూడా ఆ 2022లోనే వచ్చింది. చేరడం సులభం కావడం కన్నా, వెళ్ళిపోవడం చప్పుడు లేనిది కావడమే పెద్ద మార్పు.

అయితే పాత పుస్తకాన్ని తలచుకొని కన్నీరు కార్చనక్కరలేదు. అందులో ఎవరి పేరుండాలో కులం, చుట్టరికం ముందే నిర్ణయించేవి. నూటపదహార్లు కూడబెట్టలేని ఇంటివారికి, ఆ అంకె పదిమందిలో పైకి చదవడం పరువు సమస్య. పేరు చెప్పకుండా ఇచ్చే దాతకూ, ఎవరికీ తలవంచకుండా పుచ్చుకునే కుటుంబానికీ ఆ పుస్తకంలో చోటు లేదు. కులం పేరిట నడిచే వాట్సాప్ గ్రూపులు లేకపోలేదు గాని, విరాళాల లంకె వాటి గోడలు దాటిపోతుంది. ఈ లాభాన్ని కాదనే విమర్శ నిజాయితీ గలది కాదు.

మృతుడి భార్యాపిల్లల సంగతి వేరు. పదకొండో రోజు దాటాక ఆమెను బ్యాంకుకు తీసుకువెళ్ళాలి, వీసా సంగతి లాయరుతో మాట్లాడాలి, బడి నుంచి పిల్లవాణ్ణి తీసుకురావాలి. ఈ పనులు వెయ్యిమందికి పంచితే ఎవరి వంతుకూ రావు. పిల్లవాడు పెరిగి పెళ్ళి చేసుకునేనాటికి ఆ విరాళాల పేజీ ఉన్నా ఉండవచ్చు. కాని ఎవరిని పిలవాలి, ఎవరింటికి వెళ్ళాలి అని చూసుకోవడానికి దాన్ని మళ్ళీ తెరిచేవారు ఉండరు.