‘ఘాజీ’ చిత్రం – మన ప్రేక్షకులు

సంకల్ప్ రెడ్డి అనే యువ దర్శకుని తొలి చిత్రం ‘ఘాజీ’ 2017 ఫిబ్రవరి 17న విడుదలైంది. అదే సంవత్సరం దీపావళి సెలవుల్లో, పేరాక్ రాష్ట్రంలో మా తెలుక్ ఇంతాన్ చుట్టుపట్ల తోటల నుండి వచ్చి స్థిరపడిన తెలుగువారికి ఒక చిన్న హాలులో ఈ చిత్రాన్ని చూపించారు. గోడకు తెల్లగుడ్డ కట్టి, ప్లాస్టిక్ కుర్చీలు వేసి, పిల్లలను ముందు చాపల మీద కూర్చోబెట్టి చూపిన ప్రదర్శన అది. సుమారు ఎనభై మంది వచ్చారు. చిత్రంతో పాటు ఆ ఎనభై మందిని కూడా నేను చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు అక్కడ విన్న మాటలు ఇన్నేళ్ళయినా నన్ను వదలలేదు. వాటిని మన చదువరుల ముందు పెట్టడం ఉచితమని తోచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ముందుగా చిత్రం సంగతి. 1971లో భారత-పాకిస్తాన్ యుద్ధం జరిగినపుడు పాకిస్తాన్ వారి ‘ఘాజీ’ అనే జలాంతర్గామి విశాఖపట్నం తీరానికి వచ్చి, డిసెంబరు 3-4 తేదీల మధ్య రాత్రి మునిగిపోయింది. అందులో ఉన్న 90 మందికి పైగా నావికులలో ఒక్కరూ బ్రతకలేదు. ‘రాజ్‌పుత్’ అనే తమ యుద్ధనౌక దానిని ముంచిందని భారత నౌకాదళం చెబుతుంది. లోపల జరిగిన ప్రేలుడు వల్లనో, తాను పెట్టిన మందుపాతరల వల్లనో మునిగిందని పాకిస్తాన్ వారంటారు. ఈ రెండు వాదాలనూ ప్రక్కన పెట్టి, ఎస్-21 అనే భారత జలాంతర్గామి సముద్రగర్భంలో ఘాజీతో పోరాడి దానిని కూల్చినట్లు సంకల్ప్ రెడ్డి ఒక కథ అల్లుకున్నాడు. కనుక దీనిని చరిత్ర పాఠంగా కాక, చరిత్ర ఆధారంగా అల్లిన కల్పనగానే చూడాలి.

ఈ చిత్రం పుట్టుక కూడా చెప్పుకోదగినదే. దర్శకుడు మొదట దీనిని ఏ పెద్ద సంస్థ అండా లేకుండా, తన శక్తికొలది చిన్నదిగా తీసి యూట్యూబులో పెట్టుకుందామనుకున్నాడు. తరువాత నిర్మాతలు, రానా వంటి పేరున్న నటుడు వచ్చి చేరారు. అయినా అదే ఏడాది ఏప్రిల్‌లో అదే రానా నటించి విడుదలైన ‘బాహుబలి’ రెండవ భాగపు వైభవం ముందు ఇది పెద్ద జమీందారు ఇంటి ప్రక్క కూలివాని పాక వంటిది. ఇందులో పాటలు లేవు, నాట్యాలు లేవు, ప్రేమకథ లేదు. కథ దాదాపు అంతా ఒక ఇనుప గొట్టంలోనే నడుస్తుంది. మరుసటి ఏడు ప్రకటించిన భారత జాతీయ పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రంగా దీనినే ఎంచారు.

మా హాలులో మొదట వినిపించింది కుర్రవాళ్ళ విసుగు. మన పిల్లలకు తెలుగు వినడం అలవాటే గాని చిత్రంలోని నౌకాదళపు భాష అందదు. కాబట్టి తెర అడుగున వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ చూశారు. “ఇంకెప్పుడు బయటికొస్తారు మామా?” అని ఒకడు మొదటి అరగంటలోనే నన్నడిగాడు. రానా కత్తి పట్టి గుర్రమెక్కుతాడని వచ్చిన పిల్లవానికి, చెమటలు కారుతూ గడియారాల వంటి కొలత పరికరాల వైపు చూస్తూ నిలబడిన రానా ఏం నచ్చుతాడు? వాని విసుగును నేను తప్పు పట్టను. తెలుగు సినిమా వానికి నేర్పిన రుచి అది.

అయితే నౌకాదళంలో పనిచేసి వచ్చిన మనవాడొకడు నా ప్రక్కన కూర్చున్నాడు. అతను మెల్లగా చెప్పిన మాట గుర్తుంచుకోదగినది. “ఓడలో సగం ఉద్యోగం కాచుకొని కూర్చోవడమేనండీ. అది వీళ్ళు సరిగా పట్టుకున్నారు. కాని ఇంత అరవరు. సముద్రం అడుగున అరిచినవాడు చచ్చినట్టే,” అన్నాడు. చిత్రంలోని బలమూ బలహీనతా రెండూ ఈ మాటలోనే ఉన్నాయి.

బలం ఏమిటంటే, డబ్బు లేకపోవడం దర్శకుణ్ణి గొట్టం లోపలే ఉండేటట్టు చేసింది. బయటి సముద్రాన్ని గొప్పగా చూపగల స్థోమత లేదు కనుక అతను మనుషుల ముఖాలు చూపాడు. శత్రువు ఎక్కడున్నాడో కంటికి కనబడదు, చెవితో వినవలసిందే. కె.కె. మేనన్ ధరించిన కెప్టెన్ రణ్‌విజయ్ సింగ్ కొడుకును పోగొట్టుకున్న తండ్రి, పగతో రగులుతున్న మనిషి. పైనుంచి వచ్చిన ఉత్తరువు దాటవద్దని రానా ధరించిన అర్జున్ వర్మ అంటాడు. ఇద్దరి నడుమ అతుల్ కులకర్ణి ధరించిన దేవరాజ్ నలుగుతాడు. ఉత్తరువు గొప్పదా, కళ్ళెదుట కనబడుతున్న ప్రమాదం గొప్పదా అనే ఈ తగవును మొదటి సగంలో దర్శకుడు తొందరపడకుండా నడిపాడు. మది ఛాయాగ్రహణంలో ఆ ఎర్రని, పచ్చని దీపాల వెలుగు ఊపిరాడనట్టు చేస్తుంది. విసుగుపడిన కుర్రవాళ్ళు కూడా, ఓడకు మందుపాతర తగిలి అది అడుగుకు దిగిపోతున్నపుడు మాట్లాడడం మానేశారు.

బలహీనత రెండవ సగంలో బయటపడింది. కెప్టెన్ మరణించాడు. ఓడ ముందుకు పోలేదు, వెనక్కు పోలేదు, పైకీ క్రిందికీ మాత్రమే కదలగలదు. అపుడు శత్రువును రెచ్చగొట్టి దగ్గరకు రప్పించడానికి ఓడలోని వారంతా కలిసి భారత జాతీయగీతం పాడతారు. ఇక్కడే మా హాలు రెండుగా చీలింది. ముందు వరుసలో నలుగురైదుగురు పెద్దలు లేచి నిలబడ్డారు. కుర్రవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొందరు లేచారు, కొందరు కూర్చున్నారు. తరువాత టీ త్రాగుతూ దీని మీద పెద్ద వాదమే జరిగింది. “మన గీతం నెగరాకు. మనం పుట్టింది ఇక్కడ. మనమెందుకు లేవాలి?” అని ఒక కాలేజీ అమ్మాయి అడిగింది. “మీ ముత్తాత పుట్టిన గడ్డమ్మా అది, లేస్తే అరిగిపోతావా?” అని ఒక పెద్దాయన కసిరాడు.

నా మట్టుకు నాకు ఇద్దరి మాటలోనూ న్యాయం కనబడింది. ఏ దేశపు గీతమైనా విన్నపుడు మర్యాదగా నిలబడడం మంచిదే. మన పౌరసత్వం ఏ దేశానిదో ఆ అమ్మాయి మరచిపోకపోవడమూ మంచిదే. కాని విమర్శకుడు అడగవలసిన ప్రశ్న వేరు. ఆ పాట ఆ చోట కథకు ఎంత అవసరం? అంతవరకు మౌనంతో భయపెట్టిన దర్శకుడు, అక్కడ మనచేత చప్పట్లు కొట్టించాలని చూశాడు. చప్పట్లు వచ్చాయి, నిజమే. కాని గొట్టంలోని మనుషులు కనుమరుగై, అక్కడ జెండా మాత్రం మిగిలింది. ఘాజీలోని శత్రు కెప్టెన్ రజాక్‌ను క్రూరునిగా, కోపిష్ఠిగా చిత్రించడం కూడా ఈ చప్పట్ల కోసమే. అతనూ అటువంటి ఇనుప గొట్టంలోనే ఊపిరి బిగబట్టి ఉన్నాడు గదా. అతనికొక ఇల్లూ ఒక తల్లీ ఉన్నట్టు చిత్రానికి గుర్తుండదు. శరణార్థిగా ఓడలోకి వచ్చిన వైద్యురాలు, చిన్నపిల్ల ఇద్దరికీ కూడా కథలో చేయడానికి పనేమీ లేదు. యుద్ధంలో ఆయుధం పట్టనివారిని ఏం చేయాలో ఈ దర్శకునికి తెలియలేదు.

ఆయుధం పట్టనివారు అన్నాను. ఇక ఆ రోజు ఎనభై మందిలో ఒకరి సంగతి చెప్పాలి.

చిత్రం మొదలు పెట్టే ముందు, వెలుతురు రాకుండా తలుపులు మూయబోతుంటే, వెనుక వరుసలో ఉన్న ఒక ముసలమ్మ ఒప్పుకోలేదు. అప్పటికే ఎనభై దాటిన మనిషి. “తలుపులు ముయ్యకండి బాబూ,” అంది. ఉక్కపోతకు అంటున్నదేమోనని పంకా ఆమె వైపు త్రిప్పారు. ఆమె మళ్ళీ అదే మాట అంది. చివరికి ఒక తలుపు తెరిచి ఉంచి, తెర మీద బొమ్మ కొంచెం వెలవెలబోతున్నా అలాగే చూశాము. కుర్రవాళ్ళు సణిగారు.

చిత్రం అయిపోయాక నేను వెళ్ళి ఎందుకలా అన్నావు మామ్మా అని అడిగాను. జపాను వారి కాలంలో ఆమెకు ఆరేడేళ్ళట. “ఊరికే బొమ్మ సూపిత్తామని పిలిసినారు బాబూ. మా అయ్య ఎల్లినాడు. తలుపులు మూసీసి, మొగోళ్ళందర్నీ లారీలెక్కించీసినారు. సయాం ఎల్లినోడు మరి రానేదు,” అంది. అంతకంటే ఎక్కువ చెప్పలేదు. కాసేపటికి, “ఆ రెండో ఓడలోని పిల్లలూ నీటిలోనే పోయినారు గదా,” అంది. ఆ రోజు హాలులో ఘాజీలోని మనుషుల కోసం జాలిపడినవారు ఆమె ఒక్కరే.

సయాం-బర్మా రైలుమార్గం సంగతి మన పెద్దల ఇండ్లలో అందరికీ తెలిసినదే. 415 కిలోమీటర్ల ఆ దారిని జపాను సైన్యం 1942లో మొదలు పెట్టి 1943 అక్టోబరులో పూర్తి చేసింది. 60 వేలకు పైగా యుద్ధఖైదీల చేత పని చేయించారు. వారిలో 12 వేలకు పైగా మరణించారు. వారికి కాంచనబురిలో సమాధులున్నాయి, వాటి మీద పేర్లున్నాయి. మలయా, బర్మా, జావా మొదలైన చోట్ల నుండి తెచ్చిన ఆసియా కూలీలు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వారిలో మన తోటల తమిళులు, తెలుగువారు వేలాదిగా ఉన్నారు. కలరా, మలేరియా, ఆకలి వారిని తుడిచిపెట్టాయి. చనిపోయిన కూలీలు 90 వేల వరకు ఉండవచ్చునని అంచనాలున్నాయి. పేర్లు వ్రాసుకున్నవారు లేరు.

ఆ రైలుమార్గం మీద ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ అని 1957లో డేవిడ్ లీన్ తీసిన చిత్రం ఏడు ఆస్కారు బహుమతులు గెలిచింది. సింహళంలో నిజంగా వంతెన కట్టి తీశారు. గొప్ప చిత్రమే, కాదనను. కాని అందులో ఉన్నది అధికారుల పౌరుషం. మన తాతలు అందులో లేరు. అంత డబ్బు పోసి తీసిన చిత్రానికి వారు కనబడలేదు.

ఇందుకే ‘ఘాజీ’ని గురించి ఇంత చెబుతున్నాను. ఒక యువకుడు ఒక గొట్టం, కొన్ని ముఖాలు, కొంత మౌనం చాలునని నమ్మి యుద్ధచిత్రానికి పూనుకున్నాడు. తన నమ్మకం మీద నిలబడినంతసేపు గెలిచాడు, చప్పట్ల కోసం దిగజారినపుడు ఓడాడు. ఈ పాఠం మనకు పనికివస్తుంది. మన సయాం కథకు యుద్ధనౌకలు అక్కరలేదు, పెద్ద వంతెనా అక్కరలేదు. ఒక హాలు, మూసిన తలుపు, బయట లారీ చప్పుడు, లైన్లలో దీపం పెట్టుకొని కాచుకొన్న ఒక పిల్ల. ఇంతకంటే ఏం కావాలి? మన పిల్లల చేతుల్లో ఈనాడు కెమెరాలకు కొదవ లేదు. పెండ్లిళ్ళకు తీసే వీడియోలకు పెట్టే ఖర్చులో నాలుగో వంతు చాలు.

అయితే ఒకటి. అటువంటి చిత్రం తీసేవారు జపాను సైనికుణ్ణి రజాక్ వలె కోరలున్న రాక్షసునిగా చేయవద్దని నా మనవి. అలా చేస్తే చప్పట్లు దొరుకుతాయి, నిజం తప్పిపోతుంది. కూలీలను పట్టి ఇచ్చిన వారిలో మన కంగాణీలు, కిరాణీలు కూడా కొన్నిచోట్ల ఉన్నారని పెద్దలు చెప్పగా విన్నాను. చేదుగా ఉన్నా ఆ మాట కూడా చిత్రంలో ఉండాలి.

తలుపు మూయవద్దన్న ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు. ఆ రోజు నా దగ్గర కాగితం లేదు, యంత్రం లేదు. ఆమె చెప్పిన నాలుగు మాటలు తప్ప మరేమీ వ్రాసుకోలేదు. ఆమె తండ్రి పేరైనా అడగలేదు. చిత్రాన్ని తూచడానికి వెళ్ళిన విమర్శకుడు చేసిన తప్పు ఇది, ఒప్పుకుంటున్నాను. మీ ఇండ్లలో అటువంటి మామ్మలు, తాతలు ఇంకా ఉంటే, వచ్చే పండుగ వరకు ఆగకుండా ఈ వారమే వారి ప్రక్కన కూర్చోండి. ముందు పేర్లు అడిగి వ్రాసుకోండి. చిత్రం సంగతి తరువాత చూద్దాం.