సాక్ష్యం ఎవరి పక్షాన?

మాల్కం ఎక్స్ – అల్‌హాజ్ మాలిక్ అల్‌షబాజ్ – 1965 ఫిబ్రవరి 21న న్యూయార్కులోని ఆడుబాన్ సభామందిరంలో తుపాకీ గుళ్లకు బలి అయ్యారు. ఆ హత్యను తిరిగి పరిశీలించిన ‘హూ కిల్డ్ మాల్కం ఎక్స్?’ అనే ఆరు భాగాల డాక్యుమెంటరీ 2020లో వెలువడింది.

ఇందులోని ప్రధానాభియోగం పోలీసు వ్యవస్థ మీద. హత్యకు వారం ముందే ఆయన ఇంటికి నిప్పు పెట్టారు. అయినా సభ వద్ద పోలీసు కాపలా నామమాత్రమే. ఆయన అంగరక్షకులలోనే ఒకడు రహస్య పోలీసు. అక్కడికక్కడే పట్టుబడిన హలీం, తనతోపాటు నిందితులైన ఇద్దరూ నిర్దోషులని 1966లో కోర్టులోనే చెప్పాడు. ఆ మాట చెల్లలేదు. ముహమ్మద్ అజీజ్, ఖలీల్ ఇస్లాం ఇరవయ్యేసి ఏండ్లు చెరసాలలో గడిపారు. వారికి అనుకూలమైన ఆధారాలను పోలీసులు, ఎఫ్.బి.ఐ. దాచిపెట్టారని తేలి, 2021 నవంబరులో న్యాయస్థానం ఆ శిక్షలను రద్దు చేసింది. ఖలీల్ అప్పటికే, 2009లో, కన్నుమూశారు.

ప్రతి భాగాన్నీ అపరాధ పరిశోధక నవలలా ఉత్కంఠతో ముగించడం ఈ చిత్రంలోని లోపం. 1964 హజ్ యాత్ర తరువాత మాల్కం ఆలోచనలో వచ్చిన మార్పుకు దక్కిన చోటు తక్కువ. కాని పరిశోధకుడు అబ్దుర్రహ్మాన్ ముహమ్మద్, తానూ ముస్లిం అయి ఉండి, న్యూవార్క్ ముస్లింల మధ్యకే వెళ్లి ప్రశ్నిస్తాడు. అసలు హంతకులు ఆ ప్రాంతంవారేనని హలీం 1970లలోనే ప్రమాణపత్రం ఇచ్చాడు. ఎరిగినవారు ఎరగనట్లే ఉండిపోయారు. చిత్రానికి విలువ తెచ్చినది ఈ ఘట్టమే. సాక్ష్యం స్వజనులకు వ్యతిరేకమైనా న్యాయం మీద నిలవాలన్నది దివ్య ఖుర్‌ఆన్, అన్నిసా సూరా 135వ ఆయతు ఆదేశం.

ఈ గీటురాయి తెలుగు ముస్లింలకూ వర్తిస్తుంది. 2015 ఏప్రిల్ 7న తెలంగాణలోని ఆలేరు వద్ద, కోర్టుకు తీసుకుపోతున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలు పోలీసు వాహనంలోనే, చేతులకు బేడీలుండగానే, కాల్పులలో మరణించారు. అదే రోజున శేషాచలం అడవిలో ఇరవైమంది తమిళ కూలీలను పోలీసులు కాల్చి చంపారు. రెండు చోట్లా చెప్పిన సమాధానం ఆత్మరక్షణే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాసులకు ఆలేరు దూరం. శేషాచలం కాల్పులు మాత్రం నాడు వారి సొంత చిత్తూరు జిల్లాలోనే జరిగాయి. ఆలేరు మృతుల కోసం న్యాయం అడిగిన ముస్లిం, కలిమా చదవని ఆ కూలీల కోసమూ అడగాలి. మాల్కం కోసం కన్నీరు పెట్టే ప్రేక్షకుడు ముందుగా తన జిల్లా సంగతి విచారించుకోవాలి.