చేతిపనికి ఎంత, పేరుకు ఎంత

నెలకు ముప్పై సెకన్లు అటూ ఇటూ. 1989లో వచ్చిన క్యాజియో ఎఫ్-91డబ్ల్యూ అనే ప్లాస్టిక్ డిజిటల్ వాచీలో రాగల తేడా ఇంతేనని కంపెనీ చెబుతుంది. స్విట్జర్లాండ్‌లో మెకానికల్ వాచీలను పరీక్షించి ‘క్రోనోమీటర్’ సర్టిఫికెట్ ఇచ్చే సీఓఎస్‌సీ సంస్థ అంత పట్టింపుగా ఉండదు. రోజుకు సగటున నాలుగు సెకన్లు వెనకబడినా, ఆరు సెకన్లు ముందుకెళ్లినా పాసు చేస్తుంది. ఆ లెక్కన లక్షలు పోసి కొన్న వాచీ నెల తిరిగేసరికి మూడు నిమిషాలు ముందుకెళ్లినా తప్పు పట్టడానికి లేదు. టైము చూసుకోవడానికే వాచీ అనుకుంటే, ఇంత ఖరీదు ఎందుకన్న చర్చ ఇక్కడితో అయిపోవాలి.

అవ్వలేదు. ఎందుకవ్వలేదో తెలియాలంటే 1969 డిసెంబరు 25కు వెళ్లాలి. ఆ రోజు టోక్యోలో సీకో కంపెనీ ‘ఆస్ట్రాన్’ను అమ్మకానికి పెట్టింది. మార్కెట్లోకి వచ్చిన మొట్టమొదటి క్వార్ట్జ్ చేతి గడియారం అదే. ధర నాలుగున్నర లక్షల యెన్‌లు. దాదాపు ఆ డబ్బుకే అప్పట్లో జపాన్‌లో ఒక టయోటా కరోలా కారు వచ్చేది. కచ్చితమైన టైముకు ఆనాడు అంత ఖరీదు! బ్యాటరీ నుంచి కరెంటు తగిలితే క్వార్ట్జ్ స్ఫటికం ఒకే వేగంతో కంపిస్తుంది. ఇప్పటి వాచీల్లో అది సెకనుకు 32,768 సార్లు. ఆ కంపనాలను లెక్కపెట్టే చిప్పు చవకయ్యేకొద్దీ వాచీ కూడా చవకైంది. స్విస్ వాచీ పరిశ్రమలో 1970 ప్రాంతంలో సుమారు తొంభై వేల మంది పనిచేసేవారు. 1980ల్లో ఆ సంఖ్య ముప్పై వేల దగ్గరకు పడిపోయింది. జ్యూరా కొండల ఊళ్లలో తాతల నాటి నుంచి వస్తున్న పని చేతిలోంచి జారిపోయింది.

ఆ కష్టకాలంలోనే జీన్-క్లాడ్ బివర్, జాక్ పిగె అనే ఇద్దరు, మూలనపడిన బ్లాంక్‌పాన్ అనే పాత పేరును సుమారు 22 వేల స్విస్ ఫ్రాంకులకు కొన్నారు. క్వార్ట్జ్ వాచీ ఇంతవరకూ చేయలేదు, ఇకపైనా చేయబోమని ప్రకటనలిచ్చారు. 1992లో అదే కంపెనీని ఆరు కోట్ల ఫ్రాంకులకు అమ్మారు. పాతబడిందని అందరూ వదిలేసిన సాంకేతికతనే గొప్పగా చూపించి అమ్మవచ్చని పరిశ్రమకు అప్పుడు తెలిసింది. మెకానికల్ వాచీ అవసరాల జాబితాలోంచి వెళ్లిపోయి కళల జాబితాలో చేరింది.

కళ అన్నప్పుడు డబ్బు ఎవరి చేతికి వెళ్తోందని అడగాలి. స్విట్జర్లాండ్‌లోని జూ లోయలో ఫిలిప్ డుఫూర్ అనే వాచీ నిపుణుడున్నాడు. 2000లో ఆయన ‘సింప్లిసిటీ’ అనే వాచీ తెచ్చాడు. గంటల ముల్లు, నిమిషాల ముల్లు, కింద చిన్న సెకన్ల ముల్లు, అంతే. తేదీ కూడా ఉండదు. ఏళ్ల తరబడి చేసినా అవి మొత్తం రెండు వందలకు కాస్త అటూ ఇటూగా మాత్రమే తయారయ్యాయి. వెనక అద్దంలోంచి చూస్తే కారణం తెలుస్తుంది. ప్రతి లోహపు పలక అంచునూ ఏటవాలుగా చెక్కి అద్దంలా మెరిపించారు. రెండు అంచులు లోపలివైపు కలిసే మూల సూదిమొనలా ఉంటుంది. తిరిగే పనిముట్టుతో అక్కడ గుండ్రని వంపు మాత్రమే వస్తుంది కాబట్టి ఆ మొన తేవాలంటే మనిషి చేత్తో ఆకురాయి పట్టాల్సిందే. మెరుగు పెట్టడానికి వాడేది జెన్షియన్ అనే కొండమొక్క ఎండిన కాడ. ఒక్క మూల చెడితే ఆ పలక మళ్లీ మొదటికి వస్తుంది. మగ్గం మీద నేసిన గద్వాల చీరకూ పవర్‌లూమ్ చీరకూ ఉన్న తేడా ఇక్కడా ఉంది. ఒంటికి చుట్టుకోవడానికి రెండూ ఒకటే, కానీ ఒకదానికి ఇచ్చిన డబ్బు నేతగాడి రోజులకు ఇచ్చిన కూలి. అలాంటి వాచీ ఎంత ఖరీదైనా ఆ డబ్బుకు న్యాయం ఉంది.

అయితే షోరూము అద్దాల వెనక మెరిసే వాచీల్లో చాలావాటి సంగతి ఇది కాదు. ఈటీఏ 2824 అనే స్విస్ మెషిన్ ఒకటుంది. కారఖానాలో లక్షల సంఖ్యలో తయారయ్యే గట్టి, నమ్మకమైన మెషిన్ అది. హ్యామిల్టన్ వాచీల్లోనూ అదే ఉండేది, వాటికంటే ఎంతో ఎక్కువ ధర పలికే ట్యాగ్ హ్యూయర్ వాచీల్లోనూ ‘క్యాలిబర్ 5’ పేరుతో అదే ఉండేది. కేసు, డయల్, చైను నాణ్యతలో తేడా ఉంటుంది, నిజమే. ధరలో ఉన్నంత తేడా మాత్రం ఉండదు. ఆ మిగతా డబ్బు ప్రకటనలకూ, క్రికెటర్ల, సినిమా తారల ఫొటోలకూ, విమానాశ్రయాల్లో దుకాణాల అద్దెలకూ పోతుంది.

ఇక వాచీని పెట్టుబడి అనేవాళ్లు తప్పకుండా చెప్పే కథ హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ రోలెక్స్ డేటోనాది. 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో అది సుమారు కోటీ 77 లక్షల డాలర్లు పలికింది. 1960ల్లో ఆ మోడల్ దుకాణంలో మూడు వందల డాలర్లలోపే దొరికేది, పైగా అంత త్వరగా అమ్ముడయ్యేది కాదు. వేలంలో పాడుకున్నవారు ఆ ఉక్కు ముక్కకు డబ్బివ్వలేదు. కారు పందేల పిచ్చి ఉన్న భర్తకు జాగ్రత్తగా నడపమని భార్య జోన్ వుడ్‌వర్డ్ వెనక చెక్కించి ఇచ్చిన మాటకు ఇచ్చారు. మరో వాచీకి ఆ చరిత్ర రాదు. 2022 మొదట్లో పాత వాచీల మార్కెట్ శిఖరానికి చేరినప్పుడు, ఇంకా పెరుగుతుందని షోరూము ధరకు రెండు మూడింతలు పెట్టి కొన్నవాళ్లున్నారు. ఆ ఏడాదే ధరలు దిగజారాయి. లాభం కోసమే వాచీ కొనేవారికి బంగారమే మేలు.

ఇంత చెప్పినా మెకానికల్ వాచీ మీది మోజు తప్పు కాదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో మధ్యాహ్నం పన్నెండవుతుంటే గడ్డం బొమ్మ గంట కొట్టడం చూడటానికి జనం గుమిగూడతారు. అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి, టైము అందరికీ తెలుసు. అయినా స్ప్రింగులూ పళ్లచక్రాలూ కలిసి పని చేస్తుంటే చూడటంలో మనిషికి ఒక సంతోషం ఉంది. ఆ సంతోషానికి లక్షలు అక్కర్లేదని చూపించింది హెచ్‌ఎంటీ. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో మొదలైన ఆ ప్రభుత్వ కారఖానా ‘జనతా’ను సామాన్యుడి చేతికి కట్టింది. రోజూ కీ ఇస్తే చాలు, బ్యాటరీ గొడవ లేదు. 2016లో ఆ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయించినా, మన ఊళ్ల బజార్లలో కంటికి భూతద్దం తగిలించుకున్న మెకానిక్ ఇప్పటికీ ఆ వాచీని విప్పి, కడిగి, నూనె వేసి ఆడిస్తాడు.

ఖరీదైన వాచీకి ఆ భాగ్యం తక్కువ. తరతరాలు నిలుస్తుందనే మాట మీద అమ్మే వాచీని ఐదు నుంచి పదేళ్లకోసారి విప్పి సర్వీసింగు చేయించాలి. అందుకు కావలసిన విడిభాగాలను పెద్ద కంపెనీలు చాలావరకు తమ సొంత సర్వీసు కేంద్రాల చేతుల్లోనే ఉంచుకుంటున్నాయి. 2015 చివర్లో స్వాచ్ గ్రూప్ టోకు వర్తకులకు విడిభాగాలు ఆపేయడంతో బ్రిటన్ వర్తకులతో వివాదం కోర్టుల దాకా వెళ్లింది. యాభై ఏళ్ల అనుభవమున్న మెకానిక్ ముందు వాచీ విప్పి ఉన్నా, ఒక చిన్న చక్రం దొరక్క అతను చేతులెత్తేయాల్సి రావడం అన్యాయం. అందుకే కొనేవాళ్లు తగ్గింపు ఎంత అని అడిగే ముందు లోపలి మెషిన్ ఎవరిదో, ఒకసారి సర్వీసింగుకు ఎంతవుతుందో, ఇరవై ఏళ్ల తర్వాత దాని విడిభాగాలు బయటి మెకానిక్‌కు అమ్ముతారో లేదో అడగాలి. ఆఖరి ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసి ఇమ్మని కూడా అడగాలి.