వెనక బెంచీలో ప్రొఫెసర్

"మేడమ్, రేపు మీ క్లాసుకొచ్చి వెనక కూర్చోనా?" అని అడిగి చూడండి. "ఏం సార్, ఇన్‌స్పెక్షనా?" అనే వస్తుంది జవాబు. మెడికల్ కాలేజీలో ఒకరి క్లాసులో ఇంకొకరు కూర్చున్నారంటే ఎవరో ఫిర్యాదు చేసుంటారని లెక్క. థియేటర్లో అందరూ చూస్తుండగా కత్తి పట్టే సర్జన్‌కి కూడా, తోటి డాక్టరు ముందు పాఠం చెప్పాలంటే గొంతు తడారిపోతుంది.

మాకు వైద్యం నేర్పారు, పాఠం చెప్పడం నేర్పలేదు. 2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో సామర్థ్యాల ఆధారిత పాఠ్యక్రమం వచ్చాక టీచర్లకూ శిక్షణ మీద పట్టింపు పెరిగింది. వర్క్‌షాప్, గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. వర్క్‌షాపులు వద్దనను. కానీ తిరిగొచ్చిన మర్నాడే పాత స్లైడ్లు తెరుస్తాం. ముంబయి, లూధియానా, కోయంబత్తూరు కేంద్రాలుగా మెడికల్ టీచర్ల కోసం నడిచిన ఫైమర్ ఫెలోషిప్ ఈ చిక్కును పసిగట్టింది. రెండేళ్లపాటు ఎవరి కాలేజీలో వాళ్లు ఒక ప్రాజెక్టు చేస్తూ, తోటి ఫెలోలతో మాట్లాడుతూనే ఉండాలి. అయితే అందులో చోటు కొద్దిమందికే.

మేం చేసేది ఇంకా చిన్న పని. ఫిజియాలజీ, పీడియాట్రిక్స్, సర్జరీ, కమ్యూనిటీ మెడిసిన్ నుంచి తలా ఒకరం కలిసి, ఒకరి క్లాసులో ఇంకొకరం కూర్చుంటాం. సబ్జెక్టు వేరైతేనే మంచిది, ఏం చెబుతున్నారన్నది వదిలేసి ఎలా చెబుతున్నారో చూస్తాం. ఏం గమనించాలో పాఠం చెప్పేవాళ్లే ముందుగా చెబుతారు. మా సర్జన్ గారు, "ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నానో చూడండి" అన్నారు. అమెరికాలో పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే ఈ సంగతి తేల్చారు. ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సుమారు ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, నోరు మెదపని పిల్లలూ మాట్లాడారు. మా సర్జన్ గారు ఆ ఒక్క సెకనూ ఆగలేదు, జవాబు కూడా ఆయనే చెప్పేశారు. తర్వాత క్యాంటీన్లో పీడియాట్రిక్స్ మేడమ్, "బాగా చెప్పారు సార్, పిల్లలకే ఏమీ మిగల్చలేదు" అన్నారు. ఆయన పగలబడి నవ్వారు. తర్వాతి క్లాసుకు ఆయనే పిలిచారు.

మా కట్టుబాటు ఒకటే: చూసింది చూసినట్టు చెప్పాలి, ఆ మాట మా మధ్యే ఉండాలి. ప్రమోషన్ ఫైలు దాకా వెళ్తుందన్న అనుమానం వచ్చిన రోజున ఎవరూ పిలవరు. హెచ్ఓడీలను కూర్చోబెట్టుకోకపోవడానికీ కారణం అదే. వాళ్లుంటే జూనియర్లు "సూపర్ సార్" దాటి ముందుకు పోరు.

తెలంగాణలో 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది, ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఐదు కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. కొత్త చోట చేరిన కుర్ర అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి చూసి నేర్చుకునేందుకు పక్కన సీనియర్లు ఎందరుంటారు? ఆ కొత్త కాలేజీల్లో ఏలూరు వాళ్లు మచిలీపట్నం వాళ్ల క్లాసు చూసినా, వాళ్లు వీళ్లది చూసినా ఖర్చు బస్సు ఛార్జీలే.

ప్రిన్సిపాల్ గార్లకు ఒక విన్నపం. వారానికి ఒక గంట దీనికోసం టైమ్‌టేబుల్లో వేయించండి. దయచేసి రిపోర్టు మాత్రం అడగకండి.