గండికోటలో బసకు మట్టిమిద్దె

శీతాకాలం శనివారం సాయంత్రాల్లో గండికోట లోయ అంచున రంగురంగుల నైలాన్ డేరాలు వరసగా లేస్తాయి. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లే కాబట్టి బెంగళూరు, హైదరాబాదు కుర్రకారు కార్లలో, బైకుల మీద వచ్చేస్తారు. రాత్రి హాయిగానే గడుస్తుంది. పొద్దెక్కేసరికి మాత్రం డేరాలో కూర్చోలేరు. అంచున గాలి ఊపందుకుంటే గుడ్డ టపటపా కొట్టుకుంటుంది. బండలో మేకు దిగదు, తాళ్లను రాళ్లకు చుట్టి నిలబెట్టాల్సిందే. అక్కడికి దగ్గరి ఊళ్లలో, అడుగున్నర రెండడుగుల మందం గోడలతో కట్టిన మట్టిమిద్దెలు కొన్ని ఇంకా నిలిచే ఉన్నాయి. వాటిలో ఒక్క రాత్రి పడుకునే అవకాశం మాత్రం యాత్రికులకు లేదు.

గండికోటకు డేరాలు కొత్తేమీ కాదు. 1652లో ఫ్రెంచి రత్నాల వ్యాపారి తావెర్నియే ఇక్కడికి వచ్చినప్పుడు, అప్పుడే కోటను గెలుచుకున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లా డేరాలోనే కొలువుదీరి ఉన్నాడు. ఆ సేనాని కాలివేళ్ల మధ్య ఉత్తరాలు ఇరికించుకుని పని చక్కబెట్టుకుంటున్నాడని ఆ వ్యాపారి ముచ్చటగా రాసుకున్నాడు. కోట పట్టడానికి వచ్చినవాడికి డేరా చాలు. కొండను చూడడానికి వచ్చినవాడికి అది చాలదని నా అభిప్రాయం.

మంచుదేశాలవాళ్లు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. 1868లో పుట్టిన నార్వే యాత్రికుల సంఘానికి కొండల్లో ఇవాళ ఐదువందలకు పైగా గుడిసెలున్నాయి. స్కీల మీద జారుతూనో, మంచులో కాలు కూరుకుపోకుండా వెడల్పాటి స్నోషూలు కట్టుకుని నడుస్తూనో, సాయంత్రానికి ఒక గుడిసె చేరుతారు. చాలావాటిలో కాపలాదారు ఉండడు. సంఘం సభ్యుడి దగ్గరుండే ఒకే రకం తాళంచెవి వందల తలుపులు తెరుస్తుంది. పొయ్యి వెలిగించి, మంచు కరిగించి నీళ్లు కాచుకోవడం, అలమరలోని సరుకులు వాడుకుని ఎంతైందో తానే లెక్కగట్టి కట్టేయడం, పొద్దున కట్టెలు కొట్టి, నేల ఊడ్చి తలుపు మూయడం అన్నీ వచ్చినవాడి పనులే. అమెరికాలోని కొలరాడోలోనూ ఇలాంటి గుడిసెల వరస ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధంలో అక్కడి కొండల్లో స్కీల మీద శిక్షణ పొందిన సైనిక దళం, 10వ మౌంటెన్ డివిజన్, పేరు దానికి పెట్టుకున్నారు. మొదటి రెండు గుడిసెలు 1982లో లేచాయి.

మనకు మంచు లేదు, స్కీలతో పనీ లేదు. కానీ ఆ గుడిసెల వెనకున్న లెక్క మనకూ వర్తిస్తుంది. ఆ కొండలో దొరికే సామానుతో, ఆ కొండ వాతావరణానికి తగ్గ మందంతో కట్టుకోవాలి. అక్కడ చలిని బయట నిలిపే దుంగల గోడ ఉంటే, ఇక్కడ ఎండను నిలిపే రాతిగోడ ఉండాలి. ఆ విద్య జమ్మలమడుగు, పులివెందుల తాలూకాల పల్లెల్లో ఎవరూ చెప్పకుండానే సాగుతూ వచ్చింది.

రాయికి ఇక్కడ కొదవేముంది? భూగర్భశాస్త్రం పుస్తకాల్లో పులివెందుల, గండికోట రెండూ రాళ్ల పేర్లే. రెండూ కడప శిలాసముదాయంలోని క్వార్ట్జైట్ పొరలు. పెన్నా నది కోసుకుంటూ పోయిన లోయ గోడల్లో కనిపించేది ఆ రెండోదే. ఉలికి లొంగని గట్టిరాయి. కట్టడానికి అనువైనది దానికంటే వయసులో చిన్నది, నార్జి సున్నపురాయి. ఊళ్లలో నాపరాయి అంటారు, ఊరు దాటితే కడపబండ అవుతుంది. సముద్రం అడుగున పొరలుపొరలుగా పేరుకున్న రాయి కావడంతో పొర వెంబడే చీలుతుంది. పొర సందు చూసి ఉలి పెట్టి సుత్తితో తడుతూ పోతే బల్లపరుపు పలక ఊడివస్తుంది. అరుగుకు, అటకకు, పశువుల గాడికి, నిలువుగా పాతితే దొడ్డికి కంచెగా, అన్నిటికీ అదే. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల పొట్ట నింపుతున్నదీ ఈ సున్నపురాయే. సిమెంటు వచ్చాకే మట్టిమిద్దెకు గిరాకీ పోయిందనుకుంటే, తన రాయే తనకు ఎసరు పెట్టిందన్నమాట.

గోడ రాళ్లను బంకమన్ను అడుసుతో పేర్చుతారు. కిటికీలు తక్కువ, ఉన్నా చిన్నవి. దీపానికి, చెంబుకు గోడలోనే గూళ్లు. పగలంతా తాకిన వేడి ఆ మందాన్ని దాటి లోపలికి వచ్చేసరికి పొద్దుగుంకిపోతుంది. అప్పటికి తలుపులు తెరిస్తే చల్లగాలి తగులుతుంది.

అసలు పనితనమంతా పైకప్పులో ఉంది. గోడల మీద దూలాలు, వాటికి అడ్డంగా దంతెలు, వాటి మీద సందు లేకుండా కట్టెపేళ్లో బండలో పరుస్తారు. మన్ను జారకుండా ఆకూ అలమూ ఒక వరస వేసి, దాని మీద అడుసు తొక్కుతారు. అన్నిటికంటే పైన చౌడు. తెల్లగా పొక్కి, పైరు మొలవని చేలనుంచి గంపల్లో మోసుకొచ్చే మన్ను అది. అందులో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకరేణువులు ఉబ్బి సందులన్నీ పూడుకుపోతాయి, నీరు కిందికి దిగదు. రైతు తిట్టుకునే గుణమే ఇక్కడ పనికొచ్చింది. మిద్దె మీద గడ్డి మొలవకుండా ఉండడానికీ చౌడే కారణం. గడ్డి మొలిస్తే వేరు వెంట నీరు దిగుతుంది. నీళ్లు జారేటట్టు ఒక పక్కకు వాలు ఇచ్చి, చివర రాతి తూము పెడతారు. ఇంటి నడుమ కప్పులో పొగకూ వెలుతురుకూ ఒక గవాచి. వాన వస్తే దాని మీద బండ మూస్తారు.

ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోయాలి. పోయకపోతే మొదటి ముసురుకే మిద్దె ఉరుస్తుంది. అప్పుడు వానలోనే పైకెక్కి, ఉరిసేచోట గంపెడు చౌడు కుమ్మరించి కాళ్లతో తొక్కాలి. బరువు మీద బరువు పెరిగి, చెదపట్టిన దూలం విరిగి ఇల్లు కూలిన సందర్భాలూ ఉన్నాయి. ముసురు రోజుల్లో పాతమిద్దెల కింద ప్రాణాలు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉంటాం. తేళ్లకు ఆ రాళ్ల సందులంటే మహా ఇష్టం. అందుకని దీన్ని బంగారు మేడగా వర్ణించను. కనిపెట్టుకుని ఉండే మనిషి లేకపోతే మట్టిమిద్దె నిలవదు.

మిద్దె కట్టే స్తోమత లేనివాళ్లది, తోట కాపలావాళ్లది బోదకొట్టం. పులివెందుల వైపు చీనీ, అరటి తోటల్లో ఇప్పుడు రేకులషెడ్లే ఎక్కువ. అందులో మధ్యాహ్నం పడుకున్నవాడికి కొట్టం విలువ వేరే చెప్పక్కర్లేదు. కొండల్లోని బోదగడ్డిని ఎండినాక కోసి కట్టలు కడతారు. నిటారు వాలు మీద చూరు నుంచి పైకి, ఒక వరస మీద ఇంకో వరస సగం కప్పేలా పరుస్తూ కిత్తనారతో బిగిస్తారు. వరిగడ్డి ఏడాదికో రెండేళ్లకో కుళ్లుతుంది, బోద అంతకంటే చాలా ఏళ్లు ఆగుతుంది. నిప్పు ఒక్కటే దానికి గండం.

యాత్రికుడికి బస అనే ఆలోచన మన దారులకూ పాతదే. 1830లో కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప, దువ్వూరు మీదుగా అహోబిలం వెళుతూ, ఏ మజిలీలో దిగడానికి చావడి ఉంది, ఏ ఊళ్లో నీళ్లు మంచివి అని రాసుకుంటూ పోయాడు. గండికోటకు రేపు ఒక యాత్రామిద్దె కడితే అందులో పెట్టాల్సిన పుస్తకం అలాంటిది. ఏ దోనలో, అంటే బండ గుంటలో, నీళ్లు మిగిలాయి, ఏ బాట తెగింది, ఎన్ని కట్టెలున్నాయి అని ముందు వచ్చినవాడు వెనక వచ్చేవాడికి రాసి పోవాలి. మంచు కరిగించుకునే వీలు మనకు లేదు కదా, రాతిదోనల జాడ తెలిసిన గొర్రెలకాపరిని మించిన దారిచూపరి ఇక్కడ ఉండడు. సరుకులకు ప్రొద్దుటూరు బజారుంది. ఎర్రగుంట్ల నుంచి నంద్యాలకు 2016లో మొదలైన రైలుమార్గం ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగానే పోతుంది కాబట్టి కారు లేనివాడూ రావచ్చు. జొన్నపిండి, చెనక్కాయల పొడి ఉంటే రెండు పూటలు గడిచిపోతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెరవాలి, మార్చి రాగానే తాళం వేయాలి. మిద్దె ఎంత చల్లగా ఉన్నా దానిదాకా నడిచేది ఎండలోనే మరి.

కోటలో మాత్రం కట్టకూడదు. రక్షిత కట్టడాలకు వంద మీటర్లలోపు కొత్త నిర్మాణం చట్టం ఒప్పుకోదు, ఒప్పుకున్నా అందం చెడుతుంది. మైలవరం జలాశయం వైపు దిగే బాటల్లో ఎక్కడైనా ఒక గది చాలు. రాయికి, కూలికి డబ్బు సర్దుకోవచ్చు. చౌడు ఏ చేలోది పట్టుతుందో, ఎంత తడిపి తొక్కాలో తెలిసిన మేస్త్రీలే ముందు దొరకాలి. బండలు చీల్చే కుర్రవాళ్లు జమ్మలమడుగులో ఎందరైనా ఉన్నారు. మిద్దె తొక్కినవాళ్లు ముసలివాళ్లయిపోయారు. ఆ గదిని వాళ్ల చేత, ఈ కుర్రవాళ్లను తోడుగా పెట్టి, వచ్చే వానలకు ముందే కట్టించాలి.